113 పౌండ్ల దగ్గర ఖాళీ

మొన్న జనవరిలో ఇక్కడి మన తెలుగువాళ్ల సంక్రాంతి సంబరాలకి నేను ఆలస్యంగా వచ్చాను. అప్పటికే అరిసెలు అయిపోయాయి, గొబ్బిపాటలూ అయిపోయాయి. ఎంత కడుక్కున్నా నా చేతులకి రెజ్లింగ్ మ్యాట్ తుడిచే మందు వాసన వదల్లేదు. కుర్చీ వెతుక్కుంటుంటే మైకులో వినబడింది: "బాబుకి ఇవాళ రెజ్లింగ్ మ్యాచ్ ఉందట. అది మాన్పించి మరీ మన సంస్కృతి కోసం తీసుకొచ్చారు వాళ్ల నాన్నగారు. గట్టిగా చప్పట్లు!"

హాలంతా చప్పట్లు. స్టేజీ మీద హరిదాసు వేషంలో ఉన్న ఆ పిల్లాడు నన్ను చూసి తల దించాడు. నెత్తిన రాగి పాత్ర జారబోతే చేత్తో ఆపుకున్నాడు. చెంప మీద, గురువారం ప్రాక్టీసులో మ్యాట్‌కి రాసుకుపోయి ఎర్రబడ్డ చోట, దట్టంగా పౌడరు. ఫంక్షన్లలో నన్ను అంకుల్ అంటాడు, ప్రాక్టీసులో కోచ్ అంటాడు. ఆ రోజు ఏమనాలో తెలియక పక్కనుంచి వెళ్లిపోయాడు.

ఆరేళ్లుగా ఇక్కడ న్యూజెర్సీలో మా ఊరి హైస్కూల్లో వాలంటీర్ కోచ్‌గా ఉంటున్నాను కాబట్టి ఆ చప్పట్ల ఖరీదు నాకు తెలుసు. రెజ్లింగ్ ఒంటరి ఆట అనుకుంటారు మనవాళ్లు. కాదు. రెండు స్కూళ్లు తలపడితే 14 బరువు తరగతులు, ఒక్కో దాంట్లో ఒక్కొక్కరు. ఎదుటివాణ్ణి చిత్తు చేస్తే జట్టుకి 6 పాయింట్లు. చిత్తు చేయకుండా, ఆ మ్యాచ్‌లో ఎనిమిది పాయింట్ల కంటే తక్కువ తేడాతో గెలిస్తే జట్టుకి 3. అంటే ఎలాగూ ఓడిపోతానని తెలిసిన పిల్లాడు కూడా ఆరు నిమిషాలు వీపు నేలకి తగలకుండా కాచుకుంటే, తేడా మరీ పెరగనివ్వకపోతే, జట్టుకి 3 పాయింట్లు మిగిల్చినట్టే. మేం నవంబర్ నుంచి మార్చి దాకా పిల్లలకి నూరిపోసేది ఇదే. మా జట్టులో ఎక్కువ మెచ్చుకోలు కేకలు వచ్చేది గెలిచినవాడికి కాదు, చిత్తవకుండా ఓడి వచ్చినవాడికి.

రాకపోతే మాత్రం చిత్తయినట్టే లెక్క, 6 పోతాయి. ఆ శనివారం 113 పౌండ్ల తరగతిలో మావైపు ఎవరూ లేరు. అవతలి పిల్లాడు మ్యాట్ మధ్యకి వచ్చి నిలబడ్డాడు, రిఫరీ వాడి చెయ్యి పైకెత్తాడు, అంతే. 36–33తో ఓడిపోయాం. మా హరిదాసు గెలవనక్కర్లేదు, చిత్తవకుండా ఎనిమిది లోపు తేడాతో ఓడినా 33–33 అయ్యేది.

నేను బోధన్ దగ్గర పల్లెలో పెరిగాను. మా జాతరల్లో కుస్తీలు కొబ్బరికాయతో మొదలై వెండి కడియంతో ముగిసేవి. తాలీంలో, అంటే కుస్తీ నేర్పే చోట, ఉస్తాద్ రాకముందే గోదా మట్టి పారతో తవ్వి మెత్తగా చేసిపెట్టాలి. పెద్ద పహిల్వానైనా సరే, వంతు వస్తే పార పట్టాల్సిందే. ఇక్కడ మ్యాట్ తుడవడం చూస్తే నాకు ఆ పారే గుర్తొస్తుంది. బంగారు తాలీం అని చెప్పను. ఉస్తాద్ చేతి కర్ర కూడా గుర్తుంది, పిక్కల మీద. కానీ దండీలు, బస్కీలు తీసేటప్పుడు ఎవడు ఆగిపోయినా అందరం మొదట్నుంచి తీయాల్సి వచ్చేది, అందుకే ఎవడూ ఆగేవాడు కాదు.

ఆగింది నేనే. తొమ్మిదో తరగతి సెలవుల్లో నాన్న మాన్పించాడు, టెన్త్ ట్యూషన్ అని. ఉస్తాద్‌కి ఎవరూ చెప్పలేదు. నా బరువుకి సరిపోయే జోడీ ఇంకొకడు లేడు. నా జోడీ వారం పాటు గోదా గట్టు మీద కూర్చుని, తర్వాత రావడం మానేశాడట. ఈ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అందుకే ఆ తండ్రి మీద నాకు కోపం రావట్లేదు, వచ్చినా నిలవట్లేదు.

ఆయన మాటా వినాలి కదా. "మూడు నెలల్నించి వాళ్లమ్మ రిహార్సల్స్ చేయిస్తోందన్నా, వాడు రాకపోతే స్కిట్టే లేదు" అన్నాడు. నిజమే, అదీ ఒక జట్టే. మోకాలు పోతుందని, చెవి ఉబ్బుతుందని, బరువు కోసం పిల్లాడు అన్నం మానేస్తాడని తల్లిదండ్రులుగా మీరు పడే టెన్షన్‌లోనూ తప్పు లేదు. మా హెడ్ కోచ్‌కి సంక్రాంతి అంటే ఏమిటో తెలియదు. ఆయనకి చెప్పాల్సింది నేనే, చెప్పలేదు. కానీ మాకు కబురు వచ్చింది శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి, వాట్సాప్‌లో. నవంబర్‌లో తెలిసుంటే జూనియర్ జట్టులోంచి ఒకణ్ణి తయారు చేసుకునేవాళ్లం. పెళ్లికి వస్తామని చెప్పి, విస్తరి వేశాక రామంటే మనం ఊరుకుంటామా?

సోమవారం వాడు అందరికంటే ముందొచ్చి మాప్ పట్టుకున్నాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే వాడికి ఎక్కువ నొప్పి అనిపించిందని వాళ్ల నాన్నే తర్వాత ఫోన్లో చెప్పాడు.

కమిటీవారికి ఒక విన్నపం. మీరు హాలు బుక్ చేసేముందు మా మీట్ల (పోటీల) షెడ్యూలు చూడండి, రాగానే పంపే పూచీ నాది. మా స్కూలుకి ఆదివారాలు మీట్లుండవు. ఎవరి పిల్లల్ని ఎక్కడ మాన్పించి తెచ్చారో మైకులో చెప్పకండి. ఏటా స్లైడ్ షోలో మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారి ఫొటో వేసి కలియుగ భీముడని మురిసిపోయేదీ మనమే కదా. ఆదివారం పెడితే హరిదాసు పాట నేనూ మొదటి వరసలో కూర్చుని వింటాను. రెండు అరిసెలు పక్కన పెట్టించండి.