ఏటుందా? చెప్తాను, కూర్చోండి

పావుగంట క్రితం మా అత్తారింటి వాట్సాప్ గ్రూపులో జరిగింది. చెయ్యి ఇంకా వణుకుతోంది, అచ్చుతప్పులుంటే సర్దుకోండి.

దసరా సెలవులకి ఎక్కడికెళ్దాం అని వారం నుంచీ ఒకటే చర్చ. షరతు పెట్టింది మా బావగారే. సిటీ ఉండాలంట, నేచర్ కూడా ఉండాలంట. పిల్లలకి మాల్ కావాలి, పెద్దాళ్ళకి కొండా కోనా కావాలి. నేను బుద్ధి గడ్డి తిని "వైజాగ్ వెళ్దామా బావగారూ?" అన్నాను. క్షణంలో జవాబు: "వైజాగ్‌లో ఏటుంది?"

ఏముంది కాదండీ. ఏటుంది. పక్కన కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వే బొమ్మలు మూడు.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వాళ్ళకి నేను విడమర్చక్కర్లేదు. సినిమాలో పనిమనిషి నోరు విప్పితే మన యాసే, చిల్లర దొంగ నోరు విప్పితే మన యాసే. కూకట్‌పల్లిలో కూర్చుని, కృష్ణా నీళ్ళు తాగి పెరిగాం కాబట్టి తెలుగు మా పెట్టెలోనే ఉందనుకునే ఇంట్లో పదకొండేళ్ళుగా కాపురం చేస్తున్నాను. నేను "ఏటి" అన్న ప్రతిసారీ ఆ ఇంట్లో ఒకరైనా తిరిగి "ఏటి" అంటారు. ముద్దుకే అంట. ఆ ముద్దు ఎవరిక్కావాలి?

సరే, ఏటుందో చెప్తాను.

నడిబొడ్డున సముద్రం ఉంది. తెల్లారగట్ల బీచ్ రోడ్డు మీద బండ్లు ఆపేస్తే ఊరు ఊరంతా నడకకొచ్చేస్తుంది. 1969లో నౌకాదళంలో చేరి 2001లో రిటైరైన కురుసుర సబ్‌మెరీన్ ఒడ్డునే ఉంది. మాజీ నావికులే దగ్గరుండి చూపిస్తారు. గుండ్రటి తలుపుల్లోంచి ఒంగి దూరాలి లోపలికెళ్ళాలంటే. (2019లో బావగారు రెండో తలుపు దగ్గరే "ఊపిరాడట్లేదు" అని వెనక్కి తిరిగారు. తప్పు సబ్‌మెరీన్‌దే పాపం, ఆయన పొట్టది కాదు.) రోడ్డు దాటితే టీయూ-142 యుద్ధ విమానం. నేచర్ కావాలా? హైవే పక్కనే కంబాలకొండ అడవి, ఆటో దిగి నడిచెళ్ళిపోవచ్చు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు, ఆ రంగు ఫోన్‌లో రాదు, కంటితోనే చూడాలి. తొట్లకొండ ఎక్కితే బౌద్ధుల ఆరామం, కింద నీలంగా సముద్రం. రుషికొండ సంగతి మాత్రం ఎత్తకండి, నా బీపీకి మంచిది కాదు.

ఇంకా అరకు రైలు! పొద్దున్నే కిరండూల్ పాసింజర్ ఎక్కితే కొండల్లోంచి 58 సొరంగాలు. ఒక్కో చీకట్లోనూ బోగీ మొత్తం పిల్లలు కేకలు పెడతారు, వాళ్ళతోపాటు పెద్దాళ్ళూ పెడతారు. మా పాప వేళ్ళు మడిచి లెక్కపెడుతూ ముప్ఫైఏడు దగ్గర తప్పిపోయింది, "మళ్ళీ మొదట్నుంచి వెళ్దాం" అని ఏడుపు. బొర్రా గుహలు ఆ దారిలోనే. దసరా దాటాక లోయంతా వలిసె పూలు, పసుపు ఆరబోసినట్టు. ఇంతకన్నా ఏటి కావాలి?

వీళ్ళు చూసిందేమిటి మరి? మే నెల, మిట్టమధ్యాహ్నం, పన్నెండున్నరకి ఆర్కే బీచ్. "అబ్బా, ఉక్కపోత" అని మాల్‌లో దూరి సాయంత్రం దాకా ఏసీలో కూర్చున్నారు. సాయంత్రం ముంత మసాలా తిందాం రండి అంటే రోడ్డు మీద తినరంట. మా ఊరికి ఉక్క ఉంది, ఒప్పుకుంటాను. పాతూళ్ళో ఆరేసిన బట్టల మీద పోర్టు బొగ్గుపొడి పడుతుంది, అదీ ఒప్పుకుంటాను. తిట్టుకోవడానికి మేమున్నాం కదా, మధ్యలో మీరెందుకు?

ఇంతకీ చివరికి ఏ ఊరు తేలిందో తెలుసా? సింగపూర్. నేచర్ కోసం! ఎయిర్‌పోర్టు మాల్‌లో కప్పు మీద నుంచి 40 మీటర్లు పడే జలపాతం, గాజు గదిలో ఇంకో జలపాతం, ఊరి మధ్యలో ఇనుమూ కాంక్రీటూ పోసి నిలబెట్టిన చెట్లు. అక్కడా నిజం అడవులున్నాయి, బుకిట్ తిమా ఉంది, కాదనను. వీళ్ళు వెళ్ళరుగా! ముస్తఫా సెంటర్‌లో చాక్లెట్లూ అమృతాంజనాలూ తూకం వేసుకుని తిరిగొస్తారు, రాసిపెట్టుకోండి.

అసలు ఈ "ఏముంది" ఇవాళ్టిది కాదు. పెళ్ళిచూపులకి వాళ్ళు మా ఊరొచ్చింది 2014 నవంబర్లో. హుద్‌హుద్ తుఫాను కొట్టింది అక్టోబర్ 12న. నెల తిరిగిందంతే. కైలాసగిరి బోడిగుండులా ఉంది, రోడ్ల పక్కన కొట్టేసిన దుంగలు ఇంకా ఎత్తలేదు. మా పెరట్లో నేరేడు చెట్టు ప్రహరీ మీద పడి, ఆ గోడ అలాగే కూలి ఉంది. నాన్న రాత్రికి రాత్రి ఇటుకలన్నీ ఒక పక్కకి పేర్చి, పైన దుప్పటి కప్పారు, వచ్చేవాళ్ళకి కనపడకూడదని. బావగారు కాఫీ తాగుతూ కిటికీలోంచి చూసి, "వైజాగ్ వైజాగ్ అంటారు, ఏముందండీ ఇక్కడ?" అన్నారు. నాన్న ట్రే పట్టుకుని నిలబడ్డారు. "మొన్నటిదాకా ఉండేదండీ" అన్నారు, అంతే. నేను తలుపు చాటునుంచి విన్నాను. అయినా పెళ్ళికి ఊఁ అన్నాను, ఆ తెలివితక్కువతనం నాదే.

పదకొండేళ్ళలో ఆ కుటుంబం మా పుట్టింట్లో రాత్రి పడుకోలేదు. హోటలే. "మీ నాన్నగారికి శ్రమ ఎందుకమ్మా" అంటారు అత్తయ్య. నాన్న ఆ గోడ కట్టించి, పైన గది వేయించి, ఏసీ కూడా పెట్టించారు. ఆ ఏసీ రిమోట్‌కి ఇంకా ప్లాస్టిక్ కవర్ ఉంది.

గ్రూపులో జవాబు కొట్టి చెరిపేసి, మళ్ళీ కొట్టి చెరిపేశాను. తోటికోడలు ఫోన్ చేసి "ఏంటే, ఇందాకట్నుంచి టైపింగ్ అని వస్తోంది, మహాభారతం రాస్తున్నావా?" అని అడిగింది. ఏమీ లేదక్కా అన్నాను.

బావగారి మెసేజ్ కింద నవ్వు బొమ్మలు ఆరొచ్చాయి. ఎవరెవరివో నొక్కి చూశాను. ఆరోది మా ఆయనది.

వైజాగ్ వెళ్ళే గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి రెండు టికెట్లు తీశాను, నాకూ పాపకీ. పాప ఈసారి సొరంగాలు లెక్కపెట్టడానికి పుస్తకం తెచ్చుకుంటానంది. ఆయన పక్కగదిలోంచి "రాత్రికి కూరేంటి?" అని అరుస్తున్నారు.

ఏటీ లేదు. వండలేదు.