‘అందరికీ ఒకటే అడ్మిన్ లాగిన్’ అనే సలహాకు జవాబు

వరంగల్ వ్యాపారుల, అకౌంటెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే సందేశం మళ్లీ మళ్లీ వస్తున్నది. చిన్న ఆఫీసుకు పర్మిషన్లు (సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఏం చూడవచ్చు, ఏం మార్చవచ్చు అన్న హద్దులు), రోల్స్ (ఒక్కో పనికి కావలసిన పర్మిషన్ల మూటలు) దండగని, అన్ని అధికారాలూ ఉన్న ఒక అడ్మిన్ లాగిన్ పెట్టి దాని పాస్‌వర్డ్ అందరికీ ఇస్తే చాలని అందులో ఐదు కారణాలతో చెప్పారు. ఇతరుల లెక్కలు చూసి బతికే మిత్రులు కూడా దీన్ని చప్పట్ల బొమ్మలతో పంపుతుంటే జవాబు రాయక తప్పడం లేదు.

ఈ రోల్స్ పద్ధతి కార్పొరేట్ కంపెనీలు ఈ మధ్య తెచ్చిన ఫ్యాషన్ అన్నది మొదటి మాట. ఎవరి పనికి ఎంత అవసరమో అంత అధికారమే ఇవ్వాలని కంప్యూటర్ శాస్త్రవేత్తలు సాల్జర్, ష్రోడర్ 1975లోనే రాశారు. అధికారాన్ని మనిషికి కాక అతడి బాధ్యతకు ముడిపెట్టే పద్ధతిని, అంటే రోల్స్‌ను, ఫెరాయోలో, కూన్ అనే పరిశోధకులు 1992లో నిర్వచించారు. ఈ మధ్య అంటే అంత ఈ మధ్య.

పర్మిషన్లు పెడితే కంప్యూటర్ నెమ్మదిస్తుందన్నది రెండోది. నెమ్మదించదు.

గుమాస్తా మారినప్పుడల్లా సెట్టింగులన్నీ మార్చలేక చస్తామన్న మూడో మాట పూర్తిగా తలకిందులు. ‘బిల్లింగ్’ అనే రోల్‌ను ఒకసారి తయారుచేస్తే, పాత గుమాస్తా లాగిన్‌ను ఆపి కొత్తవాడిని ఆ రోల్‌లో చేర్చడమే మిగులుతుంది. ఉమ్మడి పాస్‌వర్డ్ అయితే ఒకరు మానేసిన ప్రతిసారీ దాన్ని మార్చి మిగిలిన అందరికీ చెప్పాలి కనుక ఎవరూ మార్చరు, మానేసినవాడు దర్జాగా లోపలికి వస్తూనే ఉంటాడు.

అసలు ప్రమాదం నాలుగో కారణంలో ఉన్నది. ‘మనవాళ్లను అనుమానించడం పాపం, అయినా ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు’ అట! అందరూ ఒకే పేరుతో లోపలికి వెళ్తే ఈశ్వరుడు నిజంగానే పట్టలేడు, ఆ ఏర్పాటు చేసింది మనమే. ఒక జిన్నింగ్ మిల్లులో పత్తి అమ్మిన రైతు బ్యాంకు ఖాతా నంబరును ఎవరో మార్చారనుకుందాం. సొమ్ము మరొకరికి చేరిన తరువాత తక్‌పట్టీలన్నీ (రైతుకిచ్చే అమ్మకం చీటీలు) ముందేసుకొని మార్పుల చరిత్ర తెరిస్తే ప్రతి వరుసలో ‘అడ్మిన్’ అనే ఉంటుంది. అప్పుడు సేటు చూపు ఎవరి మీద పడుతుంది? అందరికంటే తక్కువ జీతగాడి మీద, నిన్నమొన్న చేరినవాడి మీద. ఆ పని తాను చేయలేదని నిరూపించుకునే దారి అతడికి ఉండదు. విడి లాగిన్ అనుమానానికి గుర్తని సందేశం అంటున్నది కానీ, నిర్దోషికి ఉన్న ఒకే ఒక సాక్ష్యం అదే. అంతకంటే ముఖ్యంగా, ఖాతా నంబరు మార్చే అధికారం ఒకరికి, సొమ్ము విడుదల చేసే అధికారం మరొకరికి ఇస్తే, మోసానికి ఇద్దరు కూడబలుక్కోవలసి వస్తుంది. చరిత్ర జరిగిపోయినదాన్ని చెబుతుంది, పర్మిషన్ జరగకముందే అడ్డుపడుతుంది. పైగా కంపెనీల చట్టం కింద నమోదైన సంస్థలు 2023 ఏప్రిల్ 1న మొదలైన ఆర్థిక సంవత్సరం నుంచి, ప్రతి మార్పునూ నమోదు చేసే, ఆ నమోదును ఆపడానికి వీల్లేని అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌నే వాడాలి. సొంత పేరుతో నడిచే అడ్తి దుకాణానికి ఆ నిబంధన లేదు, ప్రైవేట్ లిమిటెడ్ మిల్లుకు ఉన్నది. అంత చట్టం చేసి రాబట్టిన సమాచారం ‘అడ్మిన్ మార్చాడు’ అన్నదే అయితే ఆడిటర్ దానికి హారతి పట్టాలి కాబోలు.

ఇక లాగిన్‌కు ఇంత అని వసూలు చేసి సాఫ్ట్‌వేర్ కంపెనీలే దోచుకుంటున్నాయన్న ఐదో మాటతో, ఆశ్చర్యంగా ఉన్నా, నేను చాలావరకు ఏకీభవిస్తున్నాను. ఆన్‌లైన్‌లో నెలనెలా అద్దెకు దొరికే సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ప్రతి మనిషికీ విడిగా చెల్లించాలి. నలుగురున్న దుకాణదారు ఒకటే కొని అందరికీ పంచితే తప్పంతా అతడిదే అనలేము. భద్రతకు కనీస అవసరమైనదాన్ని అదనపు సరుకుగా అమ్మడం అన్యాయమే. అయితే ఈ సందేశం పంపుతున్న వారిలో ఎక్కువమంది వాడేది ట్యాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్. అందులో ఒక్క కంప్యూటర్‌కు పరిమితమైన సిల్వర్ లైసెన్సులో సైతం, అదనంగా పైసా కట్టకుండానే ఎవరి పేరుతో వారికి లాగిన్ ఇవ్వవచ్చు.