25కి 5 వచ్చిందని ఊరుకున్నాం

కోవిడ్ రెండో వేవ్‌లో, 2021 మే మొదటి వారంలో మా బాబాయికి జ్వరం వచ్చింది. మూడో రోజే మా తమ్ముడు ఆయన్ని బండి మీద కూర్చోబెట్టుకుని స్కానింగ్ సెంటర్‌కి తీసుకెళ్లాడు. ఛాతీ సీటీ స్కాన్ తీయించమని ఏ డాక్టరూ చెప్పలేదు. అప్పట్లో వీధిలో అందరూ తీయించుకుంటున్నారు, మేమూ తీయించాం. సాయంత్రానికి రిపోర్టు వాట్సాప్‌లో వచ్చింది. రెండు పేజీల ఇంగ్లీషులో మా ఇంట్లో అందరికీ అర్థమైంది ఒక్క లైనే: సీటీ సివియారిటీ స్కోర్ (ఊపిరితిత్తుల్లో జబ్బు ఎంత కమ్ముకుందో చెప్పే మార్కు) 5/25. "హమ్మయ్య, అయిదే" అంది పిన్ని. ఆ రాత్రి అందరం కంటినిండా నిద్రపోయాం.

తొమ్మిదో రోజు తెల్లవారుజామున బాబాయి బాత్‌రూమ్ దాకా వెళ్లొచ్చి మంచం మీద కూలబడ్డారు. ఆయాసం అని కూడా అనలేదు, "కాళ్లు లాగేస్తున్నాయి" అన్నారంతే. వేలికి ఆక్సీమీటర్ పెడితే శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్, 86 శాతమే. మధ్యలో గడిచిన ఆరు రోజుల్లో ఆ ఆక్సీమీటర్‌ని డబ్బాలోంచి తీసింది రెండో మూడో సార్లు.

ఆయన ఎనిమిది రోజులు ఆక్సిజన్ మీద ఉండి ఇంటికొచ్చారు. అదృష్టం. కానీ ఆ అయిదు అంకె మమ్మల్ని ఎంత నమ్మించిందో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. అవసరం లేని స్కాన్ల గురించి మాట్లాడినప్పుడల్లా డబ్బు దండగ అనో, జనం అనవసరంగా భయపడతారనో అంటారు. రెండూ నిజమే. అయితే తొందరపడి తీయించిన స్కాన్ భయపెట్టడం కంటే ధైర్యం చెప్పడమే ఎక్కువ ప్రమాదం అని నా అనుభవం.

అసలు ఆ స్కోర్ ఎలా వేస్తారో చూద్దాం. కుడి ఊపిరితిత్తిలో మూడు భాగాలు, ఎడమదానిలో రెండు. ఒక్కో భాగంలో ఎంత మేర మచ్చలు కమ్ముకున్నాయో చూసి రేడియాలజిస్టు (స్కాన్లు చదివే డాక్టరు) 0 నుంచి 5 దాకా మార్కు వేస్తారు. మచ్చలు 5 శాతం లోపైతే 1, ముప్పాతిక భాగం దాటితే 5. అన్నిటికీ కలిపి ఎక్కువలో ఎక్కువ 25. ఆ క్షణంలో ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో చెప్పే ఫొటో అది. రేపు ఎలా ఉంటాయో అందులో ఉండదు. కోవిడ్‌లో నెమ్ము (న్యుమోనియా) సాధారణంగా రెండో వారంలో ముదురుతుంది. 2020 ఆరంభంలో చైనాలో 121 మంది స్కాన్లను పరిశీలించారు. వాళ్లలో లక్షణాలు మొదలైన రెండు రోజుల్లోపే స్కాన్ తీసినవాళ్లు 36 మంది. అందులో 20 మంది ఊపిరితిత్తులు శుభ్రంగా కనిపించాయి. మూడో రోజు వచ్చిన 5, పన్నెండో రోజు వచ్చిన 5 ఒకటి కావు. ఈ ఒక్క ముక్క ఆ రోజు మాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. జపాన్ తీరంలో ఆగిపోయిన డైమండ్ ప్రిన్సెస్ నౌకలో వైరస్ సోకిన 104 మందికి స్కాన్ తీస్తే, ఏ లక్షణమూ లేని 76 మందిలో 41 మందికి ఊపిరితిత్తుల్లో మచ్చలు కనిపించాయి. దగ్గు లేదు, జ్వరం లేదు, మచ్చలు మాత్రం ఉన్నాయి. అలాంటి మనిషి చేతికి స్కోర్ కాగితం ఇస్తే ఆ ఇంట్లో టెన్షన్ ఏ స్థాయిలో ఉంటుందో చెప్పక్కర్లేదు.

స్కాన్ మీద ఇంత నమ్మకం వుహాన్‌లో మొదలైంది. వైరస్‌ని గుర్తించే ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష కిట్లు చాలక, ఫలితాలు ఆలస్యమై, 2020 ఫిబ్రవరిలో వుహాన్ ఉన్న హుబే రాష్ట్రం స్కాన్ చూసి కూడా కేసులు లెక్కగట్టడం మొదలుపెట్టింది. ఒక్కరోజులో 14,840 కొత్త కేసులు వచ్చాయి, వాటిలో 13,332 అలా లెక్కలోకి వచ్చినవే. అదే సమయంలో వుహాన్‌లో 1,014 మంది మీద జరిగిన అధ్యయనంలో, పీసీఆర్ పాజిటివ్ వచ్చినవాళ్లలో 97 శాతం మందిని స్కాన్ పట్టుకుంది. ఆ 97 ప్రపంచమంతా తిరిగింది. పీసీఆర్ నెగటివ్ వచ్చినవాళ్లలో కూడా నాలుగింట మూడొంతుల మందికి స్కాన్‌లో అనుమానం కనిపించిందన్న సంగతి మాత్రం అంతగా తిరగలేదు. గరుకు అద్దంలోంచి చూసినట్టు కనిపించే ఆ మసక మచ్చలు ఫ్లూలోనూ వస్తాయి, ఇతర వైరస్‌లతోనూ వస్తాయి. కోవిడ్‌ని పట్టుకోవడానికి సీటీని మొదటి పరీక్షగా వాడొద్దని అమెరికా రేడియాలజిస్టుల సంఘం (ఏసీఆర్) 2020 మార్చిలోనే చెప్పింది.

అయినా రెండో వేవ్‌లో స్కానింగ్ సెంటర్ల ముందు బారులు తీరినవాళ్లను నేను తప్పుపట్టను. పీసీఆర్ ఫలితం రావడానికి రోజులు పట్టేది, స్కాన్ రిపోర్టు సాయంత్రానికే చేతిలో ఉండేది. బెడ్ కోసం ఫోన్ చేస్తే అవతలి నుంచి వచ్చే మొదటి ప్రశ్న "స్కోర్ ఎంత?" అన్నదే. ఆ ప్రశ్న అడిగిన వ్యవస్థే జనాన్ని ఆ క్యూలోకి నెట్టింది.

2021 మే 3న అప్పటి ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా, స్వల్ప లక్షణాలున్నవాళ్లకు సీటీ వద్దని చెబుతూ ఒక సీటీ 300 నుంచి 400 ఎక్స్‌రేలతో సమానం అన్నారు. అది పాత లెక్క అని మన దేశ రేడియాలజిస్టుల సంఘం గట్టిగా అభ్యంతరం చెప్పింది. మామూలు ఛాతీ సీటీలో అందే రేడియేషన్ సుమారుగా మనకు ప్రకృతి నుంచి రెండు, మూడేళ్లలో అందేంత ఉంటుంది. తక్కువ డోసు పద్ధతిలో అది బాగా తగ్గుతుంది. చర్చంతా ఆ అంకెల మీదికి పోయింది. ఈ స్కాన్ వల్ల ఈ రోగికి చేసే వైద్యం ఏమైనా మారుతుందా అన్న అసలు ప్రశ్న పక్కన పడిపోయింది.

మారకూడని చోట మారిన వైద్యం కూడా ఉంది. స్టెరాయిడ్లే ఉదాహరణ. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణాలు కాపాడుతుందని 2020 జూన్‌లో బ్రిటన్‌లో రికవరీ అనే పెద్ద మందుల పరీక్ష తేల్చింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో అయిదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు లాభం కనిపించలేదు, హాని జరిగే అవకాశం కూడా కనిపించింది. అంటే మందు ఇవ్వాలా వద్దా అన్నది శ్వాసను బట్టి తేలాలి. మన దగ్గర చాలాచోట్ల స్కోర్‌ని బట్టి తేలింది. శాచురేషన్ 97 ఉన్న మనిషికి స్కోర్ 8 వచ్చిందని నాలుగో రోజే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. షుగర్ ఉన్నవాళ్లకు అది ఇంకా చెరుపు చేసింది. ఆ తర్వాతి వారాల్లో బ్లాక్ ఫంగస్‌తో హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి చేరినవాళ్ల కుటుంబాలకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

ఇలా అన్నానని స్కాన్ పనికిరానిదని కాదు. శాచురేషన్ పడిపోతున్నా ఎక్స్‌రేలో కారణం దొరకనప్పుడు, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో గడ్డ కట్టిందేమో అని అనుమానం వచ్చినప్పుడు (దానికి రంగు మందు ఎక్కించి తీసే సీటీ వేరే), వారాలు గడిచినా దమ్ము తగ్గనప్పుడు సీటీ చూపించేది మరొకటి చూపించలేదు. వైరస్ నెమ్ము అనుకున్నది టీబీగా తేలడం మన దేశంలో వింతేమీ కాదు. ఎయిమ్స్, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు కూడా పరిస్థితి దిగజారుతుంటేనే సీటీ తీయమన్నాయి.

అంతకు ముందు చూడాల్సినవి ఇంట్లోనే ఉన్నాయి. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో గడియారం పెట్టుకుని లెక్కపెట్టాలి. 24కి చేరితే జాగ్రత్త. వరండాలో ఆరు నిమిషాలు నడిపించి శాచురేషన్ మళ్లీ చూడాలి. కూర్చున్నప్పుడు 96 ఉండి నడిచాక 92కి దిగితే ఆసుపత్రికి బయల్దేరాలి. ఆక్సీమీటర్‌కీ లోపాలున్నాయి. అసలు ఆక్సిజన్ పడిపోయినా మీటరు బాగానే ఉందని చూపించడం తెల్లవాళ్లలో కంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2020 చివర్లో అమెరికా అధ్యయనం తేల్చింది. చామనఛాయ మనుషులం మనమూ దీన్ని గుర్తుపెట్టుకోవాలి. ఒక్క రీడింగ్ కంటే, పూటపూటా రాసుకున్న రీడింగులు ఎటు పోతున్నాయో చూడటం మేలు.

ఆ రోజుల్లో ఆంధ్రప్రదేశ్ సీటీ ధర 3,000 రూపాయలు దాటకూడదంది. తెలంగాణ 2021 జూన్‌లో 1,995గా ఖరారు చేసింది. మంచి పనే, జేబులు కొంత మిగిలాయి. కానీ ఎవరికి తీయాలన్నది ధరతో తేలదు. నేను అడిగేది చిన్న మార్పు. డాక్టర్ చీటీ మీద ఇది జబ్బులో ఎన్నో రోజు, కూర్చున్నప్పుడు, నడిచాక శాచురేషన్ ఎంత, ఈ స్కాన్‌తో ఏం తెలుసుకోవాలి అన్న మూడు విషయాలు రాసి ఉంటే తప్ప సెంటర్ స్కాన్ తీయకూడదు. రిపోర్టులో స్కోర్ పక్కనే ఆ రోజు సంఖ్య కూడా అచ్చు వేయాలి. "5/25, మూడో రోజు" అని ఉంటే, మా పిన్ని ఆ రాత్రి ఆక్సీమీటర్ డబ్బా మంచం పక్కనే పెట్టుకుని పడుకునేది.