ముప్పై ఏళ్లు వచ్చేదాకా బీపీ ఆగుతుందా?

బీపీ, షుగర్ పరీక్షల జాతీయ కార్యక్రమం 30 ఏళ్లు నిండినవారి కోసం. మరి ఇరవై ఆరేళ్ల కుర్రాడి బీపీ ఎవరు చూస్తారు? చాలామందికి రక్తదాన శిబిరంలో వెనక్కి పంపినప్పుడో, ఉద్యోగంలో చేరే ముందు మెడికల్ టెస్టులోనో మొదటిసారి తెలుస్తుంది. అప్పుడు కూడా ‘టెన్షన్‌లో ఉన్నాను, అందుకే పెరిగింది’ అని సర్ది చెప్పుకుంటారు. తల తిరగదు, నొప్పి ఉండదు. ఏళ్ల తరబడి దెబ్బ తింటున్నది మాత్రం కిడ్నీలు, గుండె, మెదడు రక్తనాళాలు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 15 ఏళ్లు దాటినవారందరికీ బీపీ చూసింది. దేశం మొత్తం మీద మగవారిలో 24 శాతం, ఆడవారిలో 21 శాతం మందికి బీపీ ఎక్కువగా ఉంది, లేదా వారు మందు వాడుతున్నారు. రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ సగటు కంటే పైనే ఉన్నాయి.

హైదరాబాద్ కేబీఆర్ పార్కులోనో, విశాఖ ఆర్కే బీచ్‌లోనో తెల్లవారుజామున నడిచేవారిని చూడండి. ఎక్కువమంది రిటైరైనవారే. డాక్టర్ చెప్పాక మొదలుపెట్టినవారే. యువతను సోమరులని తిట్టడం తేలిక. కానీ మన పిల్లల ఆట చాలావరకు పదో తరగతితోనే ముగిసిపోతోంది. అపార్ట్‌మెంట్లలో నడిచే ఇంటర్ కాలేజీలకు గ్రౌండ్ ఎక్కడిది? పొద్దున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే రోజులో పరుగెత్తే వేళ ఏది? రెండేళ్లు కుర్చీకి అలవాటైన ఒళ్లు ఇంజినీరింగ్‌లోనూ, ఆ తర్వాత నైట్ షిఫ్టులోనూ అదే కుర్చీ వెతుక్కుంటుంది. దీనికి జిమ్ మెంబర్‌షిప్ ఒక్కటే జవాబు కాదు.

చేయాల్సింది కష్టమైనదేమీ కాదు. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, సైకిల్ లేదా ఈత వల్ల బీపీ ఉన్నవారిలో పై అంకె (120/80లో 120 లాంటిది) 5 నుంచి 8 పాయింట్ల వరకు తగ్గుతుంది. బరువు కిలో తగ్గితే దాదాపు ఒక పాయింటు. 2023లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చిన ఒక విశ్లేషణ 270 అధ్యయనాలను కలిపి చూసింది. పై అంకెను బాగా తగ్గించే వ్యాయామాల్లో ముందు నిలిచింది మన బడుల్లో శిక్షగా వేసే గోడకుర్చీ! రెండేసి నిమిషాల చొప్పున నాలుగుసార్లు, వారానికి మూడు రోజులు. ఊపిరి బిగబట్టకూడదు. బీపీ మరీ ఎక్కువగా ఉన్నవారు డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టాలి. పెద్ద బరువులెత్తడానికీ ఇదే వర్తిస్తుంది. కండల కోసం స్టెరాయిడ్లు వాడేవారికి బీపీ పెరిగే ప్రమాదం ఎలాగూ ఎక్కువే.

ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచాకు మించరాదు. పాపం ఆవకాయనూ అప్పడాన్నీ అందరూ నిందిస్తారు. అర్ధరాత్రి బిర్యానీలో, చిప్స్ ప్యాకెట్‌లో, నూడుల్స్ మసాలాలో ఉన్న ఉప్పు కంటికి కనిపించదు. ప్యాకెట్ ముందువైపు హెచ్చరిక వేయాలన్న చర్చ ఏళ్లుగా నలుగుతోంది. ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2022లో ఇచ్చిన ముసాయిదా మాత్రం, హెచ్చరిక బదులు స్టార్ రేటింగ్ చాలంది. ఉప్పు నిండిన ప్యాకెట్‌కు ఒకటిన్నర స్టారు వేస్తే కొనేవాడికి అర్థమయ్యేదేమిటి?

నలభై లోపు బీపీ వస్తే అలవాట్ల మీదే తోసేయడం కూడా ప్రమాదమే. కిడ్నీ జబ్బు, కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథుల హార్మోన్లు ఎక్కువవడం, నిద్రలో గురకతో ఊపిరాగడం, అదేపనిగా వాడే నొప్పి మాత్రలు కూడా కారణం కావచ్చు. వాటిని వెతకాలి. డాక్టర్ మాత్ర రాస్తే, నడక మొదలుపెట్టామని సొంతంగా మానేయకూడదు.

జాతీయ కార్యక్రమంలో వయసును 18కి దించాలి. కాలేజీ అడ్మిషన్ రోజున ఎత్తు, బరువుతో పాటు బీపీ కూడా చూసి రాయాలి. ఇంటర్ బోర్డులు కాలేజీ గుర్తింపును రెన్యువల్ చేసేటప్పుడు గ్రౌండ్ కాగితం మీద ఉందా, నేల మీద ఉందా అన్నది వెళ్లి చూడాలి.