1/72 శాంతి ఒప్పందం

ప్రపంచ శాంతి కోసం ఇప్పటిదాకా చాలా ఖర్చయింది. 1920లో నానాజాతి సమితి పెట్టారు, జెనీవాలో భవనం కట్టారు, రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1945లో ఐక్యరాజ్యసమితి పెట్టారు, న్యూయార్క్‌లో ఇంకా ఎత్తయిన భవనం కట్టారు, ఆ తర్వాతి సంగతులు రోజూ పేపర్లో చదువుతూనే ఉన్నాం. లోపం ఎక్కడుందో మేధావులెవరికీ తట్టలేదు. నాయకుల చేతులు ఖాళీగా ఉంటున్నాయి. ఖాళీగా ఉన్న చెయ్యే సరిహద్దు మ్యాపు మీదికి పోతుంది.

అందుకని ఈ ప్రతిపాదన. ఏ దేశాధినేత అయినా సరే, యుద్ధం ప్రకటించే ముందు ఒక ప్లాస్టిక్ యుద్ధ విమానం కిట్‌ను, అంటే ముక్కలుగా వచ్చే బొమ్మను, సొంత చేతులతో కట్టి, రంగులు వేసి, గుర్తులు అంటించి, అంతర్జాతీయ న్యాయనిర్ణేతల బల్ల మీద పెట్టాలి. పెద్ద సైజు అక్కర్లేదు, 1/72 చాలు, అంటే అసలు విమానంలో డెబ్భై రెండో వంతు. ఆ లెక్కలో ఆరడుగుల మనిషి అంగుళం అవుతాడు. రెక్కల కొస నుంచి కొసకు ముప్ఫై ఏడు అడుగులున్న స్పిట్‌ఫైర్, రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఫైటర్, ఆరంగుళాల చిల్లరకు దిగుతుంది. కట్టడం పూర్తయ్యాకే సైన్యం కదలాలి. షరతు ఇదొక్కటే.

ఇదేం పెద్ద పని, వారంలో తేల్చేస్తారు అనుకునే అమాయకులు ఉంటారు. వాళ్ల కోసం ఒక లెక్క చెబుతాను. 1943లో వేల్స్‌లోని బ్రాటన్ ఫ్యాక్టరీ కార్మికులు రెండు ఇంజన్ల వెల్లింగ్టన్ బాంబర్‌ను మొదటి ముక్క నుంచి చివరి ముక్క దాకా ఇరవై నాలుగు గంటల లోపే కట్టేశారు. ప్రచారం కోసం చేసిన పనే, కాదనను. సినిమా కూడా తీశారు. కానీ కట్టిన మాట నిజం, అది ఎగిరిన మాటా నిజం. ఇప్పుడు అదే విమానం కిట్ కొన్న పెద్దమనిషి ఎవరైనా కనిపిస్తే ఎంతవరకు వచ్చిందని అడిగి చూడండి. "దసరాకి అయిపోతుంది" అంటాడు. ఏ దసరాకి అని మాత్రం అడగకూడదు.

పని కాక్‌పిట్ దగ్గర మొదలవుతుంది. విమానం పొట్ట రెండు సగాలుగా వస్తుంది. ఆ సగాలు అతికించేస్తే ఇక లోపలికి బ్రష్ దూరదు కాబట్టి లోపలి పని ముందు చెయ్యాలి. సీటు వెడల్పు ఆరు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఆ సీటుకు బెల్టులు వెయ్యాలి. కిట్‌లోనే అచ్చు పోసిన బెల్టులు ఉంటాయి గానీ అవి వాడితే పరువు పోతుంది. అందుకని పల్చటి ఇత్తడి రేకు మీద తీర్చిన బెల్టులు విడిగా కొనాలి, బ్లేడుతో కోయాలి, ట్వీజర్లతో పట్టుకుని వంచాలి, కొస మీద బొట్టు సూపర్ గ్లూ పెట్టాలి. సరిగ్గా గ్లూ పెట్టే క్షణంలో ట్వీజర్లు 'టిక్' మంటాయి. బెల్టు మాయం. ఎగరని విమానంలో నిజంగా ఎగిరే భాగం అదొక్కటే.

ఆ తర్వాతి దృశ్యాన్ని దేశాల స్థాయిలో ఊహించుకోండి. ఇల్లు ఊడవొద్దని ఆర్డరు పాసైంది. ఫ్యాను ఆపేశారు. త్రివిధ దళాల అధిపతులు ఫైళ్లు పట్టుకుని వరండాలో నిలబడి ఉన్నారు. ప్రధానమంత్రి గారు మోకాళ్ల మీద టేబుల్ కింద ఉన్నారు, చేతిలో సెల్‌ఫోన్ టార్చి. "దాడికి ఇదే అదను సార్" అని ఎవరో అంటే లోపలి నుంచి "కదలొద్దు! ఎక్కడివాళ్లు అక్కడే నిలబడండి, తొక్కేస్తారు!" అని కేక. కాల్పుల విరమణ ఇంత తక్కువ ఖర్చులో ఇంకెలా వస్తుంది?

సరే, బెల్టు దొరికిందో, దొరక్క ఇంకో సెట్టు తెప్పించారో. సీటుకు రంగు వేస్తారు. ఆ రంగేదో తేలడానికి మళ్లీ వేరే గొడవ. గోడలకు బూడిద కలిసిన ఆకుపచ్చ, మీటర్ల పలకకు నలుపు, మీటర్ల ముళ్లకు పుల్లమొనతో తెల్ల చుక్కలు. అన్నీ అయ్యాక పొట్ట రెండు సగాలూ మూసేసి అతికిస్తారు. పైన పెట్టే గాజులాంటి మూత దళసరిగా ఉండి లోపల చీకటి తప్ప ఇంకేమీ కనిపించదు. ఇన్ని రాత్రుల పని లోపల సమాధి అయిపోతుంది. అయ్యో అంటే, "ఉందని నాకు తెలుసు కదండీ" అంటాడు కట్టినవాడు. శిలాఫలకం మీద పేరు కనిపించే పనుల మీద తప్ప మనసు నిలవని వర్గానికి, ఎవరూ చూడని చోట ఒళ్లొంచి పనిచేయించే విద్య ఇదొక్కటే నాకు కనిపిస్తోంది.

అతుకులు పుట్టీ పెట్టి అరగదీయడం గురించి చెప్పను. అది తపస్సు, మాటల్లో చెబితే పుణ్యం పోతుంది.

రివెట్ల గురించి, అంటే విమానం రేకుల్ని బిగించే మేకుల గురించి, మాత్రం చెప్పక తప్పదు. ఈ రంగంలో రివెట్లు లెక్కపెట్టేవాళ్లని ఒక ప్రత్యేక తెగ ఉంది. మన న్యాయనిర్ణేతలుగా వీళ్లనే వేయాలి. 1953లో వచ్చిన ఎయిర్‌ఫిక్స్ అనే కిట్ల కంపెనీ మొదటి స్పిట్‌ఫైర్ మీద బీటీ-కే అని తప్పు అక్షరాలు పడ్డాయన్న సంగతిని ఇవాళ్టికీ మర్చిపోని జాతి వాళ్లది. రెక్క మీద గీత అర మిల్లీమీటరు వెడల్పుంటే వెంటనే డెబ్భై రెండుతో హెచ్చించి, "అంటే అసలు విమానం రెక్కలో ముప్ఫై ఆరు మిల్లీమీటర్ల సందు అన్నమాట, రెండు వేళ్లు దూరతాయి, బాగుంది సార్" అంటారు. వీళ్ల పట్టుదలను ఎగతాళి చేసేవారు అసలు స్పిట్‌ఫైర్ చరిత్ర తెలుసుకోవాలి. రివెట్ తలలు పైకి ఉబ్బి ఉంటే వేగం ఎంత తగ్గుతుందో చూడ్డానికి, దాన్ని తయారుచేసిన సూపర్‌మెరీన్ కంపెనీ ఇంజనీర్లు నున్నటి రివెట్ల మీద ఒక్కొక్కదానికీ ఒక్కో బఠాణీ బద్ద జిగురుతో అంటించి విమానాన్ని ఎగరేశారు. గంటకు 22 మైళ్ల దాకా వేగం పడిపోయింది. తర్వాత ఒక్కో వరస పప్పు పీకుతూ, ఎక్కడ నున్నటి రివెట్లు తప్పనిసరో, ఎక్కడ చవక రకంతో సరిపెట్టుకోవచ్చో తేల్చారు. పప్పుతో రక్షణ పరిశోధన చేసిన దేశం గెలిచింది. మన దగ్గర అయితే ఆ పప్పు టెండరు మీద విచారణ కమిషన్ ఇంకా నడుస్తూ ఉండేది.

ఒప్పందానికి అసలు బలం మాత్రం రంగులో ఉంది. 1940 జూన్‌లో ఫైటర్ల పొట్ట కింద 'స్కై' అనే రంగు వేయాలని బ్రిటన్ వైమానిక శాఖ ఆదేశం ఇచ్చింది. ఆదేశం వచ్చింది గానీ స్టోర్లలో రంగు లేదు. ప్రభుత్వ శాఖ అన్నాక అంతే, ఏ దేశమైనా. నెత్తి మీద జర్మన్ విమానాలు, చేతిలో సర్క్యులర్. ఎవరి దగ్గర ఉన్న రంగులు వాళ్లు కలుపుకుని పూసేశారు. ఒక చోట నీలం ఎక్కువైంది, ఇంకో చోట ఆకుపచ్చ. ఆ రోజు బకెట్‌లో కర్ర పెట్టి తిప్పిన మెకానిక్‌కు పని అయ్యాక టీ దొరికితే చాలనిపించి ఉంటుంది. ఎనభై ఏళ్ల తర్వాత ఆ బకెట్‌లో ఏముందన్న దాని మీద రిటైరైన పెద్దమనుషులు స్నేహాలు తెంచుకుంటారని పాపం అతనికేం తెలుసు!

స్కై పేరుతో మూడు కంపెనీల సీసాలు కొంటే మూడు ఆకాశాలు కనిపిస్తాయి. ఏదో ఒకటి వేద్దామంటే ఇంకో వర్గం అడ్డం వస్తుంది. బొమ్మను చూడ్డమంటే అసలు విమానాన్ని దూరం నుంచి చూడ్డమే, దూరానికి రంగు వెలుస్తుంది, కాబట్టి తెలుపు కలపాలి అంటారు వీళ్లు. ఎంత కలపాలన్న దగ్గర ఆ వర్గం మళ్లీ రెండుగా చీలింది. జపాన్ జీరో విమానం సంగతి ఇంకా ఘోరం. అది బూడిద రంగా, ఆకుపచ్చ కలిసిన బూడిదా, ముదురుపాకం రంగా అన్న వాదనలో తరాలే గడిచిపోయాయి. ఇప్పుడు రెండు శత్రు దేశాల అధినేతల్ని కూర్చోబెట్టి, ముందు రంగు మీద ఏకాభిప్రాయానికి రండి, తర్వాత కొట్టుకోండి అంటే ఏమవుతుంది? పదవీకాలం అయిపోతుంది.

తెలుగువాళ్లకు ఈ గొడవతో ఏం సంబంధం అని అడగొచ్చు. డబ్బు సంబంధం ఉంది. అప్పట్లో ఐదు వేల పౌండ్లు ఇస్తే ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చినట్టే అని బ్రిటన్ చందాల పుస్తకం తెరిచింది. అసలు ఖర్చు అంతకంటే ఎక్కువే గానీ చందా అడిగేటప్పుడు గుండ్రటి అంకె ఉండాలి. నిజాం గారి విరాళాల పుణ్యాన బ్రిటిష్ వైమానిక దళంలో 152 నంబరు స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు, దాని చిహ్నంలో నిజాం తలపాగా, 'నమ్మకమైన మిత్రుడు' అన్న నినాదం వచ్చాయి. యుద్ధంలో వాళ్లు ఎక్కువగా నడిపింది స్పిట్‌ఫైర్లే. బర్మా వెళ్లాక ఆ విమానాల పక్కన దూకుతున్న నల్ల చిరుతను వేసుకున్నారు. వాటి గుండ్రటి గుర్తుల్లో ఎరుపు తీసేశారు. ఎర్ర చుక్క కనిపిస్తే జపాన్ విమానమనుకుని సొంతవాళ్లే కాలుస్తారని భయం. హైదరాబాద్ స్టేట్ పేరుతో 253 అని ఇంకొకటి, అది మొదట్లో హరికేన్లనే ఇంకో రకం ఫైటర్ల స్క్వాడ్రన్.

ఇది నైజాం వాటా. విశాఖ నుంచి అనంతపురం దాకా ఉన్నవాళ్లది అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ. ఆ పేరుతో వెలిసింది 264 నంబరు స్క్వాడ్రన్, వాళ్ల విమానం డిఫయంట్. దాని ప్రత్యేకత వినండి. నాలుగు మెషిన్ గన్నులూ పైలట్ వెనకున్న గుండ్రటి గూట్లో ఉంటాయి. పైలట్ ముందుకు కాల్చుకోవడానికి ఒక్కటీ లేదు. మొదట్లో శత్రువు కంగారు పడ్డాడు. సంగతి తెలిశాక ఎదురుగా వచ్చి కొట్టడం మొదలుపెట్టాడు. 1940 ఆగస్టు దెబ్బకు డిఫయంట్లను రాత్రి డ్యూటీకి మార్చేశారు. ఎదురుగా ఉన్న సమస్యను వదిలేసి, వెనక్కి తిరిగి గత ప్రభుత్వాన్నే కాల్చే విద్య మన చట్టసభలకు ఎక్కడి నుంచి వచ్చిందో చరిత్రకారులు ఈ కోణంలో పరిశోధించాలి.

నైతిక ప్రశ్నలు లేవనెత్తేవాళ్లు ఎలాగూ ఉంటారు. వాళ్లకూ ఈ అభిరుచి దగ్గర సమాధానాలు సిద్ధంగా ఉన్నాయి. జర్మన్ విమానం తోక మీది నాజీ గుర్తునే తీసుకోండి. జర్మనీలో దాని ప్రదర్శనను చట్టం నిషేధించింది. అందుకని చాలా కిట్లలో అది ఉండదు, లేదా రెండు ముక్కలుగా వస్తుంది. ముక్కలు నిర్దోషులు. నీళ్లలో నానబెట్టి, తోక మీద జరిపి, రెండూ కలిపిన పాపం కొన్నవాడిది. సిద్ధాంతాన్ని ముక్కలుగా అమ్మేసి అతికించుకునే పని జనానికి వదిలేయడం రాజకీయ పార్టీలకు కొత్తేమీ కాదు గానీ, గుర్తులు అచ్చు వేసిన డెకాల్ షీటు మీద ఇంత శుభ్రంగా చేసి చూపించినవాళ్లు లేరు.

ఇక పైలట్. కిట్ పెట్టెలో చాలాసార్లు వేలిగోరంత పైలట్ బొమ్మ కూడా వస్తుంది. అనుభవజ్ఞులెవరూ వాణ్ని సీట్లో కూర్చోబెట్టరు. కూర్చోబెడితే ఇత్తడి బెల్టులు కనబడవు. పొగ గొట్టం పక్కన మసి ఏ దిక్కుకు పారిందో పాత ఫొటో చూసి వేస్తారు, రెక్క మీద మెకానిక్ బూట్లకు రాలిన పెయింటు స్పాంజితో అద్దుతారు, ఇరవై ఏళ్ల కుర్రాణ్ని మాత్రం స్ప్రూ అనే ప్లాస్టిక్ చట్రం నుంచి కోయకుండా పెట్టెలోనే వదిలేస్తారు. యుద్ధంలో మనిషి అడ్డం అన్న సంగతి సేనాధిపతులకు ముందే తెలుసు కనుక ఈ అంశంలో వాళ్లకు వేరే శిక్షణ అవసరం ఉండదు.

పూర్తయిన విమానానికి ఎదురయ్యే అసలు శత్రువు చుట్టం. సికింద్రాబాద్‌లో ఒక ఇంట్లో నేను చూసిందే. అద్దాల బీరువా ముందు పెదనాన్న గారు.

"ఎగురుతుందిరా ఇది?"

"ఎగరదు పెదనాన్నా."

"రిమోట్ ఉంటుందేమో?"

"ఉండదు పెదనాన్నా. చూడ్డానికే."

"ఫ్యానన్నా తిరుగుతుందా?"

"తిరుగుతుంది గానీ తిప్పకండి పెదనా..."

తిరిగింది. తర్వాత రాలింది. బ్రిటన్ గగనతలంలో బతికి బయటపడ్డ విమానాల నమూనాలు కూడా సంక్రాంతి సెలవులకు నిలబడలేదు.

ఒప్పందంలో రెండు చిక్కులున్నాయని ఒప్పుకుంటాను. మొదటిది, కొనడానికీ కట్టడానికీ పొంతన ఉండదు. ఈ అభిరుచిలో పడ్డవాడు ఒకటి కట్టేలోపు పది కొంటాడు. అటక నిండుతుంది, మంచం కింద నిండుతుంది, "ఏవండీ, ఈ పెట్టెలో ఏముంది?" అంటే "పాతదే" అంటాడు. జీవితకాలంలో కట్టగలిగినదానికంటే ఎక్కువ పోగేయడం వీళ్లలో సాధారణం. దేశాధినేతలు కూడా ఇలా నిల్వలు పెంచుకుంటే మళ్లీ ఆయుధ పోటీయే కదా అని సందేహం. అణ్వాయుధ నిల్వల కంటే అటక మీది నిల్వలు నయం, పేలవు. మహా అయితే మీద పడతాయి.

రెండోది మన దేశానికి సంబంధించింది. కస్టమ్స్ పట్టికలో 9503 అనే పద్దు ఉంది. అందులో మూడు చక్రాల సైకిళ్లు, ఆడుకునే బొమ్మలు, పజిళ్లు, వాటి పక్కనే స్కేలు నమూనాలు. జర్మన్ వైమానిక దళం లుఫ్ట్‌వాఫేను ఎదిరించిన విమానం మన చట్టం దృష్టిలో పాప బొమ్మకు తోబుట్టువు. 2020 బడ్జెట్‌లో ఈ పద్దు మీద సుంకం 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెంచారు. స్వదేశీ బొమ్మల పరిశ్రమ కోసం చేశారు, మంచిదే. కొండపల్లి వాళ్లు స్పిట్‌ఫైర్ చెక్కేదాకా మనం శాంతిలో వెనకబడే ఉంటాం.

ఇక తనిఖీ. అధినేతలు తాము కట్టకుండా ఎవరో నిపుణుడి చేత కట్టించి తమదని చూపించే ప్రమాదం ఉంది. పీహెచ్‌డీలకే జరుగుతున్నప్పుడు విమానాలకు జరగదా? దీనికి ప్రకృతే ఏర్పాటు చేసింది. సొంతంగా కట్టిన ప్రతి విమానం మూత మీదా, ఎక్కడో ఒకచోట, గ్లూ తడితో పడిన బొటనవేలి ముద్ర ఉంటుంది. అది తుడిస్తే పోదు, గీకితే పెద్దదవుతుంది. ఆ ముద్రను అధినేత ముద్రతో పోల్చి చూడాలి. సరిపోతే సరే. ముద్ర లేని విమానం తెచ్చినవాడికి రెండో కిట్ ఇవ్వాలి. ఈసారి మొదటి ప్రపంచ యుద్ధం నాటిది, ఒకదాని మీద ఒకటిగా రెండు వరసల రెక్కలున్న సాప్‌విత్ క్యామెల్. రెక్కల మధ్య తీగలన్నీ వెంట్రుక మందం దారంతో తనే కట్టుకోవాలి. పెదనాన్న గారు వచ్చే వారం వస్తున్నారు.