ఓర్లాండో క్రిస్మస్: అదనపు టిక్కెట్టుతో కొంటున్నది ప్రదర్శనా, ఖాళీ స్థలమా?

నవంబరు మధ్య నుంచి జనవరి మొదటి రోజుల దాకా ఫ్లోరిడాలోని ఓర్లాండో చుట్టుపక్కల ఉన్న పెద్ద థీమ్ పార్కులన్నీ క్రిస్మస్ అలంకరణలో ఉంటాయి. బడులకు సెలవులు ఇచ్చే డిసెంబరు చివరి రోజుల్లో అమెరికాలోని తెలుగు కుటుంబాలు కూడా పెద్ద సంఖ్యలో అక్కడికి వెళ్తుంటాయి. ప్రయాణానికి ముందు అందరూ వేసుకునే ప్రశ్న ఒక్కటే: డిస్నీకి వెళ్దామా, యూనివర్సల్‌కా? దీనికి జవాబుగా దొరికే పోలికల్లో చాలావరకు ఎక్కడ దీపాలు ఎక్కువ, ఎవరి ఊరేగింపు పొడవు, ఎవరి బాణసంచా గొప్ప అనే లెక్కలే ఉంటాయి. నా ఉద్దేశంలో అవి అసలు విషయానికి చాలా దూరం. ఈ పార్కుల మధ్య నిజమైన తేడా, మామూలు ప్రవేశ టిక్కెట్టు మాత్రమే కొన్న మనిషికి పండుగలో ఎంత వాటా దక్కుతోంది అన్న దగ్గర ఉంది.

డిస్నీ వరల్డ్‌లోని మ్యాజిక్ కింగ్‌డమ్ అనే పార్కు 1983 నుంచి ‘మిక్కీస్ వెరీ మెర్రీ క్రిస్మస్ పార్టీ’ పేరుతో ఒక రాత్రి వేడుక నిర్వహిస్తోంది. సీజన్‌లో ఎంపిక చేసిన కొన్ని రాత్రులే ఇది ఉంటుంది. పగటి టిక్కెట్టు దీనికి చెల్లదు, విడిగా కొనుక్కోవాలి. ఇటీవలి సంవత్సరాల్లో ఆ ధర మనిషికి 150 డాలర్లు దాటింది, గిరాకీ ఎక్కువున్న తేదీల్లో 200 డాలర్లు కూడా దాటింది. పిల్లలకు తగ్గించేది నామమాత్రమే కాబట్టి ఇద్దరు పిల్లలున్న కుటుంబానికి ఒక్క రాత్రికే దాదాపు 600 డాలర్లు లేదా అంతకు పైన ఖర్చవుతుంది. వేడుక రాత్రి 7 నుంచి 12 దాకా. టిక్కెట్టు ఉన్నవారిని సాయంత్రం 4 నుంచే లోపలికి రానిస్తారు. ప్రత్యేక క్రిస్మస్ పరేడ్, కోట ముందు నృత్య ప్రదర్శన, బాణసంచా, ప్రధాన వీధిలో సబ్బు నురగతో కురిపించే మంచు, ఉచితంగా పంచే బిస్కెట్లు, వేడి కోకో అన్నీ ఆ ధరలో భాగమే.

ఇంత డబ్బుకు కొంటున్నదేమిటని విడదీసి చూస్తే ఒక ఆసక్తికరమైన విషయం బయటపడుతుంది. క్రిస్మస్‌కు కొన్ని రోజుల ముందే ఈ పార్టీ రాత్రులు ముగిసిపోతాయి. ఆ తర్వాత సంవత్సరాంతం దాకా అదే పరేడ్‌ను, అదే బాణసంచాను మామూలు ప్రవేశ టిక్కెట్టుతో వచ్చిన వారందరికీ చూపించడం డిస్నీకి చాలా ఏళ్లుగా ఉన్న అలవాటు. అంటే ఆ ప్రదర్శన అరుదైనది కాదు, దాచిపెట్టుకున్నదీ కాదు. అరుదైనది జనం పలచగా ఉండే పార్కు. పార్టీ టిక్కెట్లు పరిమితంగా అమ్ముతారు కాబట్టి ఆ ఐదు గంటల్లో రైడ్ల క్యూలు చిన్నవిగా ఉంటాయి, పరేడ్ చూడటానికి గంటల ముందు గట్టు పక్కన చోటు పట్టుకోనక్కర్లేదు. తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టిక్కెట్టు కొన్నవారికైనా, సర్వదర్శనం క్యూలో వెళ్లినవారికైనా దర్శనమిచ్చే స్వామి ఒక్కడే. తేడా అంతా నిరీక్షణలోనే. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో డిసెంబరు తొలి వారాల్లో అమ్ముడయ్యేది కూడా ఆ నిరీక్షణ నుంచి మినహాయింపే. ఈ సంగతి తెలిసి కొనేవారికి అది న్యాయమైన బేరమే కావచ్చు. ‘ఇది కొనకపోతే పిల్లలు క్రిస్మస్ పరేడ్ చూడలేరు’ అనుకుని అప్పు మీద కొనేవారికి మాత్రం విషయం పూర్తిగా తెలియలేదనే చెప్పాలి.

ఈ పద్ధతి వల్ల నష్టపోయేది ఎవరో చెప్పుకోకుండా ముందుకు వెళ్లలేం. పార్టీ ఉన్న రోజుల్లో పగటి టిక్కెట్టుతో వచ్చినవారికి సాయంత్రం 6 గంటలకే పార్కు మూతపడుతుంది. డిసెంబరులో ఓర్లాండోలో సూర్యాస్తమయం సుమారు ఐదున్నరకు. దీపాలంకరణకు ప్రాణం చీకటి కదా. ఆ చీకటిలో పగటి అతిథికి దక్కేది అరగంట మాత్రమే. ఆ రాత్రి బాణసంచా కూడా అతనికి లేదు. చేతికి పార్టీ పట్టీ ఉన్నవారు లోపలే ఉండగా, లేనివారిని సిబ్బంది మర్యాదగానే గేటు వైపు నడిపిస్తారు. ఎంత మర్యాదగా చెప్పినా, పండుగ పేరుతో ఒకే వీధిలోని జనాన్ని రెండుగా విడదీయడం నాకు సమ్మతం కాదు. ఇందులో తెలివైన యాత్రికుడు వాడుకోగల వెసులుబాటు ఒకటి ఉన్న మాటా నిజమే: రాత్రి ప్రదర్శన ఉండదని తెలిసిన చాలామంది ఆ రోజుల్లో వేరే పార్కుకు వెళ్లిపోతారు గనుక పగటిపూట రైడ్ల దగ్గర రద్దీ తక్కువగా ఉంటుంది. దీపాలకన్నా రైడ్లే ముఖ్యమనుకునే కౌమార వయసు పిల్లలున్న ఇంటికి అవి మంచి రోజులు.

యూనివర్సల్ ఓర్లాండో దారి వేరు. అక్కడ క్రిస్మస్ ప్రదర్శనలు ప్రధానంగా ప్రవేశ టిక్కెట్టులోనే ఉంటాయి. యూనివర్సల్ స్టూడియోస్‌లో మేసీస్ అనే దుకాణాల సంస్థ భారీ బెలూన్లతో సాగే సాయంకాలపు పరేడ్, ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్‌లో క్రిస్మస్ అంటే గిట్టని గ్రించ్ అనే కథల పాత్రతో నడిచే అరగంట సంగీత నాటకం, 2017 నుంచి హ్యారీ పోటర్ కథల్లోని హాగ్వార్ట్స్ కోట గోడల మీద వేసే కాంతి చిత్రాల ప్రదర్శన, వీటన్నిటికీ విడిగా డబ్బు అడగరు. దీన్ని ఆ సంస్థ ఔదార్యంగా భావించడం అమాయకత్వం. యూనివర్సల్ విడి టిక్కెట్టు వ్యాపారం శరదృతువులో చేస్తుంది. 1991లో మొదలైన హాలోవీన్ హారర్ నైట్స్ ఆ కంపెనీ ప్రత్యేకత; భయపెట్టే ఇళ్ల కోసం దేశం నలుమూలల నుంచి వచ్చే యువకులు ఆ రాత్రుల టిక్కెట్టు విడిగా కొంటారు. డిస్నీ హాలోవీన్‌కూ క్రిస్మస్‌కూ రెండింటికీ గేటు వేసింది, యూనివర్సల్ ఒక్కదానికే వేసింది. కారణం వ్యాపారమే అయినా డిసెంబరులో వచ్చే కుటుంబానికి కలిసివచ్చేది యూనివర్సల్ పద్ధతే.

అయితే అక్కడా ఒక మెలిక ఉంది. పరేడ్ ఒక పార్కులో, నాటకమూ కోట ప్రదర్శనా ఇంకో పార్కులో. ఒక రోజు ఒక పార్కు టిక్కెట్టు కొన్నవారికి అందేది సగం పండుగే. రెండింటినీ కలిపే హాగ్వార్ట్స్ రైలు ఎక్కాలన్నా రెండు పార్కుల టిక్కెట్టు ఉండాలి. ప్రదర్శనలు ప్రవేశ టిక్కెట్టులోనే అన్న మాటను ఈ షరతుతో కలిపి చదువుకోవాలి.

డిస్నీ కూడా ఎప్పుడూ ఇలాగే ఉండేది కాదు. ఆర్కన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్ పట్టణంలో జెన్నింగ్స్ ఆస్‌బోర్న్ అనే వ్యాపారవేత్త 1986లో కూతురి కోరిక మీద ఇంటికి క్రిస్మస్ దీపాలు పెట్టడం మొదలుపెట్టారు. ఏటేటా పెంచుతూ పోయి, చివరికి లక్షల దీపాలతో వీధి వాహనాలతో నిండిపోయేంతగా చేశారు. ఇరుగుపొరుగు కోర్టుకెక్కారు. వ్యవహారం రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లి, ఆయన ప్రదర్శన ఆపవలసి వచ్చింది. ఆ దీపాలను డిస్నీ తీసుకుని 1995లో ఇప్పుడు హాలీవుడ్ స్టూడియోస్‌గా పిలిచే పార్కులో పెట్టింది. తర్వాతి కాలంలో అవి సంగీతానికి అనుగుణంగా వెలిగి ఆరేలా మారాయి, లెక్క 50 లక్షలకు చేరింది. రెండు దశాబ్దాల పాటు ఆ వీధిలో నిలబడటానికి ప్రవేశ టిక్కెట్టు తప్ప ఇంకేమీ అడగలేదు. కొత్త నిర్మాణాలకు స్థలం కావలసి వచ్చి 2016 జనవరి మొదటి వారంలో ఆ ప్రదర్శన ముగిసింది. 2023లో అదే పార్కులో ‘జాలీవుడ్ నైట్స్’ వచ్చింది. అది విడి టిక్కెట్టు వేడుక. ఒక మనిషి తన ఇంటి ముందు ఊరందరి కోసం వెలిగించిన దీపాలు ఉన్న చోటికి, కొందరికే తెరుచుకునే రాత్రి వచ్చి చేరింది. పార్కు వేడుకల చరిత్రలో నన్ను ఎక్కువగా బాధపెట్టే మార్పు ఇదే.

డిస్నీ వరల్డ్‌లోనే దీనికి ఎదురుగా నిలిచే ఉదాహరణ ఒకటి ఉంది. నిజానికి ఓర్లాండో క్రిస్మస్ మొత్తంలో నేను అన్నిటికన్నా పైన పెట్టేది దాన్నే. ఎప్‌కాట్ పార్కులో జరిగే ‘క్యాండిల్‌లైట్ ప్రొసెషనల్’ 1958లో కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌లో పుట్టింది, 1971లో ఫ్లోరిడాకు వచ్చింది, 1994 నుంచి ఎప్‌కాట్‌లో స్థిరపడింది. 50 మంది వాద్యకారుల బృందం, పెద్ద గాయక బృందం తోడుగా, వేదిక మీద ఒక ప్రముఖ నటుడో నటీమణో నిలబడి బైబిలు నుంచి యేసు జనన వృత్తాంతాన్ని చదువుతారు; చదువుకూ చదువుకూ మధ్య కీర్తనలు సాగుతాయి. గాయకుల్లో డిస్నీ ఉద్యోగులూ ఉంటారు, పాఠశాలల విద్యార్థులూ ఉంటారు. పగలు రైడ్ దగ్గర మనల్ని సీట్లో కూర్చోబెట్టిన మనిషి రాత్రి వేదిక మీద పాడుతూ కనిపించవచ్చు. పార్కుల క్రిస్మస్ దాదాపు అంతటా శాంటా తాత, కానుకలు, మంచు చుట్టూ తిరుగుతుంది. పండుగకు మూలమైన కథను నేరుగా, గంభీరంగా చెప్పే సాహసం చేసే ప్రదర్శనలు చాలా తక్కువ. క్రైస్తవులు కానివారికి కూడా అందులో దొరికేది మతప్రచారం కాదు; ఒక సమాజం తన పండుగను తన గొంతుతో పాడుకోవడం. కృష్ణా, గోదావరి జిల్లాల్లో డిసెంబరు రాత్రుల్లో ఇంటింటికీ తిరిగి పాడే క్రిస్మస్ క్యారల్స్ వింటూ పెరిగినవారికి ఆ వాతావరణం కొత్తగా అనిపించదు.

ఇది ప్రవేశ టిక్కెట్టులోనే ఉంది. భోజనంతో కలిపి కొనే ప్యాకేజీ ఉన్నవారికి సీటు ఖాయంగా దొరుకుతుంది, లేనివారు ముందుగా వచ్చి క్యూలో నిలబడాలి. ఇక్కడా డబ్బుకు విలువ ఉంది గానీ, తలుపు మాత్రం ఎవరికీ మూయలేదు. నేను అంగీకరించగలిగిన హద్దు అక్కడ ఉంది. పైగా ఇది కూర్చుని చూసే కార్యక్రమం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను పార్కుకు తీసుకెళ్లే పిల్లలు ఈ ఒక్క అంశాన్ని తక్కువ అంచనా వేస్తుంటారు. ఎప్‌కాట్‌లోని 11 దేశాల మంటపాలను చుట్టి రావాలంటే సరస్సు చుట్టూ రమారమి రెండు కిలోమీటర్ల నడక. ఇటలీ దగ్గర లా బెఫానా, ఫ్రాన్స్ దగ్గర పేర్ నోయెల్, ఇలా దేశానికో కథకుడు తన పండుగ సంప్రదాయం చెబుతాడు. మోకాళ్ల నొప్పులున్నవారికి ఆ నడక మధ్యలో చక్రాల కుర్చీ గానీ, కూర్చుని వినే కచేరీ గానీ ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు.

ఫ్లోరిడా బయటికి వెళ్తే లెక్కలు మారతాయి, మారడానికి కారణం వాతావరణం. ఓర్లాండో పార్కులు ఏడాది పొడవునా తెరిచే ఉంటాయి. అక్కడ క్రిస్మస్ వేడుక ప్రధానంగా నవంబరు చివర్లో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండుగకూ క్రిస్మస్‌కూ మధ్య ఒకప్పుడు పలచగా ఉండే వారాలను నింపడానికి పుట్టింది. చలి ప్రాంతాల్లో మాత్రం శీతాకాలంలో గేట్లకు తాళం వేసే పార్కులను క్రిస్మస్ తెరిపించింది. కోపెన్‌హేగెన్‌లో 1843లో మొదలైన టివోలీ గార్డెన్స్ 1994 నుంచే క్రిస్మస్ సీజన్ నడుపుతోంది. స్వీడన్‌లోని లిసెబర్గ్ 2000లో, వర్జీనియాలోని బుష్ గార్డెన్స్ 2009లో ఆ బాట పట్టాయి. తాళం తీయడమే లాభమైన చోట, లోపలికి వచ్చిన మనిషిని మళ్లీ రెండుగా విడదీయాల్సిన అవసరం రాదు. టెనెసీ కొండల్లోని డాలీవుడ్ అనే థీమ్ పార్కు 1990 నుంచి జరుపుతున్న ‘స్మోకీ మౌంటెన్ క్రిస్మస్’ దీనికి చక్కని రుజువు. 60 లక్షల దీపాలున్నాయని పార్కు చెప్పుకుంటుంది. అంతకన్నా ముఖ్యం, నాటకశాలల్లో మనుషులు నిజంగా పాడి ఆడే క్రిస్మస్ సంగీత రూపకాలు ప్రవేశ టిక్కెట్టులోనే చూడవచ్చు. చలికి రైడ్లు కొన్ని ఆగిపోవచ్చు. ఆ లోటును నాటకశాల తీరుస్తుంది. అట్లాంటా, షార్లెట్ వైపు ఉండే కుటుంబాలు కారులోనే వెళ్లి రాగల దూరం అది.

మనకు నేరుగా సంబంధించిన మరో మాట. కాలిఫోర్నియాలో డిస్నీకే చెందిన కాలిఫోర్నియా అడ్వెంచర్ పార్కులో జరిగే ‘ఫెస్టివల్ ఆఫ్ హాలిడేస్’ క్రిస్మస్‌తో పాటు దీపావళిని, యూదుల హనుక్కాను, ఆఫ్రికన్ అమెరికన్ల క్వాంజాను, క్రైస్తవుల త్రీ కింగ్స్ డేను కూడా కలుపుకుంటుంది. భారతీయ నృత్యం అందులో భాగమవుతోంది. ఆ నృత్యం ఎక్కువగా హిందీ సినిమా ధోరణిలో ఉంటుందన్న అసంతృప్తి నాకు ఉంది. అయినా ఓర్లాండోలోని 11 మంటపాల్లో ఇండియాకు చోటే లేని నేపథ్యంలో, అమెరికాలో పుట్టి పెరుగుతున్న మన పిల్లలు తమ ఇంటి పండుగను అందరి పండుగల మధ్య చూడగలగడం చిన్న సంగతి కాదు. దానికీ విడి టిక్కెట్టు లేదు.

కాబట్టి వెళ్లదలచినవారు ముందు తేల్చుకోవలసింది తేదీ, ఆ తర్వాతే పార్కు. డిసెంబరు మొదటి రెండు వారాల్లో సెలవు పెట్టగలిగితే పార్టీ లేని రోజు చూసుకుని మ్యాజిక్ కింగ్‌డమ్‌కు, ఒక సాయంత్రం పూర్తిగా ఎప్‌కాట్‌కు, రెండు పార్కుల టిక్కెట్టుతో ఒక రోజు యూనివర్సల్‌కు కేటాయించడం నా ఎంపిక. క్రిస్మస్ వారంలోనే వెళ్లక తప్పనివారు పరేడ్ కోసం అదనంగా పైసా పెట్టనక్కర్లేదు గానీ, ఏడాది మొత్తంలోకెల్లా ఎక్కువ జనాన్ని తట్టుకోవడానికి సిద్ధపడి వెళ్లాలి. ఇక డిస్నీని అడగవలసింది పార్టీని రద్దు చేయమని కాదు. ఆ రోజుల్లో పగటి అతిథులను పంపించే సమయాన్ని 6 నుంచి 7 గంటలకు జరిపి, వేడుకను 8కి మొదలుపెట్టి ఒంటిగంట దాకా నడపవచ్చు. పూర్తి ధర చెల్లించి వచ్చిన పిల్లలు కోట మీది దీపాలను చీకట్లో ఒక గంటన్నర చూసి వెళ్తారు.