మా అమ్మాయి టీకా కార్డు బీరువాలో ఉంది, కావాలంటే వచ్చి చూడండి

గంట కూడా కాలేదు. పిల్లలు కింద ఆడుకుంటుంటే తల్లులం ఐదారుగురం కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఆడపిల్లలకు వేయించే హెచ్‌పీవీ టీకా మాట వచ్చింది. నేను ఏదో చెప్పబోయేలోపే మూడో అంతస్తు ఆవిడ నా వైపు తిరిగి, "మీరు ఆర్‌సీఎం, అదే రోమన్ కథోలికులు కదండీ, మీ వాళ్ళు ఇలాంటివి ఒప్పుకోరుగా, మీకు ఈ గొడవ లేదు" అన్నారు. పక్కనున్నవాళ్ళు తలలూపారు. ఇంకొకావిడ నా మెడలోని సిలువ వంక జాలిగా చూశారు. ఆ జాలి చూపు నాకు ఆ మాటకంటే ఎక్కువ మంట పుట్టించింది.

మా అమ్మాయికి పన్నెండేళ్ళు. మొదటి డోసు దసరా సెలవుల్లో వేయించాను, రెండోది ఆరు నెలల తర్వాత, పరీక్షలు అయ్యాక. నేనే దగ్గరుండి వేయించాను, ఆ సాయంత్రం చెయ్యి నొప్పి అంటే పక్కన కూర్చున్నాను. ఒక్కరూ "మీ అమ్మాయికి వేయించారా?" అని అడగలేదు. నన్ను అడగాల్సిన ప్రశ్నకు నా సిలువను చూసి జవాబు తేల్చేసుకున్నారు.

ఎవరు చెప్పారండీ అంటే, కెనడాలో కథోలిక బడులు ఈ టీకా వద్దన్నాయని ఎక్కడో చదివారట. నిజమే. 2008లో కాల్గరీ నగరంలో కథోలిక పాఠశాలల బోర్డు తమ బడుల్లో ఈ టీకా వేయనివ్వలేదు. చాలా తప్పు చేసింది. 2012లో ఆ బోర్డే నిషేధం ఎత్తేసింది. ఆ రెండో సగం ఎవరూ చదవరు. మరి 2021లో, కరోనా టీకా వేయించుకోవడం ప్రేమతో చేసే పని అని పోపు ఫ్రాన్సిస్ ప్రపంచమంతా వినేలా చెప్పారే, అది ఎవరికీ గుర్తుండదేం? కాల్గరీలో ఒక బోర్డు చేసిన తీర్మానానికి విజయవాడలో నేనెందుకు సంజాయిషీ చెప్పుకోవాలి?

మాకు వైద్యమంటే గిట్టదని అనుకునేవాళ్ళు ఒకసారి గుంటూరు చరిత్ర చదవాలి. 1920లో మేరీ గ్లోరీ అనే ఆస్ట్రేలియా డాక్టరు గుంటూరు వచ్చి జేఎంజే (జీసస్ మేరీ జోసఫ్) సభలో మఠకన్యగా, అంటే నన్‌గా చేరారు. మఠకన్యలు వైద్యం చేయకూడదన్న నియమం ఉన్న రోజులవి. పోపు దగ్గర ప్రత్యేక అనుమతి తెచ్చుకుని మరీ చేశారు. ఆడవాళ్ళకు, పసిబిడ్డలకు చేశారు. మగ డాక్టరు ముందుకు రావడం ఇష్టంలేక ఇంట్లోనే పురుటి నొప్పులతో చచ్చిపోయే ఆడవాళ్ళున్న ఊళ్ళలో చేశారు. 1943లో కథోలిక ఆసుపత్రులన్నిటినీ ఒక సంఘంగా కట్టారు. ఆ సంఘం ఇప్పటికీ సికింద్రాబాదు నుంచి పనిచేస్తోంది. మా అమ్మమ్మకు నలుగురు పిల్లల పురుళ్ళూ గుంటూరు సెయింట్ జోసఫ్ ఆసుపత్రిలోనే జరిగాయి. మా ఇంట్లో దీపం పెట్టేటప్పుడు ఆ డాక్టరమ్మ పేరు చెప్పుకునేవాళ్ళం.

ఇక పిల్లల లెక్క. "మీలో ఆపరేషన్ చేయించుకోరట కదా, మరి మీకు ఒక్కరేనా?" అని పెళ్ళయిన దగ్గర్నుంచీ వింటున్నాను. కృత్రిమ గర్భనిరోధం వద్దని 1968లో పోపు ఆరవ పౌలు రాసిన సంగతి నాకు తెలుసు, మా చర్చి గురువులు పెళ్ళికి ముందు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. దాన్ని నేనెంత పాటిస్తానో నాకూ మా ఆయనకూ దేవుడికీ సంబంధించిన సంగతి. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. అప్పటికి దేశంలో ఒక స్త్రీకి సగటున 2.0 మంది పిల్లలైతే, క్రైస్తవ స్త్రీలకు 1.88. అదీగాక, ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024లో మన ఆంధ్రప్రదేశ్ శాసనసభే రద్దు చేసింది. ఇప్పుడు అందరూ పిల్లల్ని కనండి కనండి అంటున్నారు. నిన్నటిదాకా మమ్మల్ని ఏ మాట పట్టుకుని వెక్కిరించారో ఈ రోజు అదే మాట చెబుతున్నారు!

సవితా హలప్పనవార్ పేరు కూడా ఎత్తారు ఈ సాయంత్రం. 2012 అక్టోబరులో ఐర్లండులో ఆ బెళగావి అమ్మాయి చనిపోయినప్పుడు నేను రెండో నెల గర్భిణిని. వార్త చదివి రాత్రంతా ఏడ్చాను. గర్భం నిలవదని తెలిసి కూడా, గర్భస్రావం చేయమని అడిగితే ఇది కథోలిక దేశం అని ఆమెతో అన్నారే, ఆ మాటను నేను ఏ రోజూ సమర్థించలేదు, సమర్థించను. కానీ 2018లో గర్భస్రావాన్ని నిషేధించిన ఆ చట్టాన్ని మార్చింది ఎవరు? నూటికి 78 మంది కథోలికులమని జనాభా లెక్కల్లో రాయించుకున్న ఆ దేశ ప్రజలే, ఓటేసినవాళ్ళలో నూటికి 66 మంది సరేనని మార్చారు. వాళ్ళలో పూజకు వెళ్ళే తల్లులు లేరా?

మన తెలుగు నేల మీద ఈ టీకా అంటే భయం ఎక్కడ పుట్టిందో అదైనా గుర్తుందా ఎవరికైనా? ఖమ్మంలో. 2009లో అక్కడి బడుల్లో, హాస్టళ్ళలో వేలమంది ఆడపిల్లలకు ఈ టీకా ప్రయోగంగా వేశారు. చాలామంది గిరిజన పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయారు, 2010లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ కమిటీ తేల్చింది, నేనూ నమ్ముతున్నాను, లేకపోతే నా బిడ్డకు వేయించేదాన్ని కాదు. కానీ చాలా అంగీకార పత్రాల మీద సంతకం పెట్టింది తల్లి కాదు, హాస్టల్ వార్డెను! పార్లమెంటు కమిటీ 2013లో దీన్ని కడిగేసింది. అడవి పక్క ఊళ్ళో ఉన్న ఆ తల్లిని ఎవరూ అడగలేదు.

మా అమ్మనూ అడగలేదు. ఈ మాట రాయకూడదు అనుకుంటూనే వచ్చాను, ఇక ఆగదు. మా అమ్మకు ముప్పై మూడేళ్ళప్పుడు తెల్లబట్ట అవుతోందని మా ఊరి దగ్గరి నర్సింగ్ హోముకు తీసుకెళ్ళారు. ఒక పరీక్ష లేదు. "గర్భసంచిలో పుండు ఉంది, తీయకపోతే క్యాన్సర్ అవుతుంది" అన్నారు. మా నాన్నతో అన్నారు, అమ్మతో కాదు. రెండు రోజుల్లో పెద్ద ఆపరేషన్ అయిపోయింది. అర ఎకరం అమ్మారు. ఆ తర్వాత అమ్మకు నడుము నొప్పి, ఒంట్లో ఆవిర్లు, నిద్ర లేకపోవడం, నలభై రాకుండానే ముసలితనం. ఆ రోజు ఆమె మతం ఏమిటని ఎవరైనా అడిగారా? మా వీధిలో ఏ మతం ఆడదాని గర్భసంచి మిగిలింది? క్యాన్సర్ పేరు చెప్పి కోసేశారు కానీ, క్యాన్సర్ ఉందో లేదో చూసే చిన్న పరీక్ష చేయలేదు. 2019-21 నాటికి కూడా ముప్పై నుంచి నలభై తొమ్మిదేళ్ళ ఆడవాళ్ళలో ఆ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్ళు దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరని ఆ ఐదో కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది.

అందుకే నా కూతురికి టీకా వేయించాను. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అన్న మాట చెప్పి దాన్ని ఎవరూ భయపెట్టకూడదని వేయించాను. పోపును అడగలేదు, కాల్గరీని అడగలేదు. వేయించిన రోజు అమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాను. సూది గుచ్చుతుంటే అమ్మ జపమాల తిప్పుతూ కూర్చుంది. రెండూ ఒకే గదిలో జరిగాయి, ఏ ఒక్కటీ రెండోదానికి అడ్డు రాలేదు.

లేచి వచ్చేముందు మూడో అంతస్తు ఆవిడను అడిగాను, మీ అమ్మాయికి వేయించారా అని. ఇంకా లేదట, భయమట, ఎవరో ఏదో అన్నారట. ఆ పిల్లకు వచ్చే నెల పద్నాలుగు నిండుతాయి. మాకు వేయించినప్పుడు చెప్పిన లెక్క ప్రకారం పదిహేను లోపు మొదలుపెడితే రెండు డోసులు, దాటితే మూడు. కోపం తగ్గకపోయినా సరే, రేపు పొద్దున కార్డు పట్టుకుని నేనే వాళ్ళింటికి వెళ్తున్నాను.